చేతులతో వడికినవారు



డిసెంబరు వచ్చిందంటే హనుమంతునిపాడు చుట్టుపక్కల మన విశ్వాసుల ఇళ్ళలో ఊలు ఉండలు బయటికొస్తాయి. అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూర్చుని క్రిస్మస్ చెట్టుకు నక్షత్రాలు, బంతులు చేస్తారు. "అయ్యగారూ, కనిగిరిలో కొంటే అయిపోయేదానికి ఇంత తిప్పలెందుకు?" అని అడిగేవారూ ఉన్నారు. మంచి ప్రశ్నే.

నిర్గమకాండము 35వ అధ్యాయం చదవండి. అరణ్యంలో గుడారం కట్టేటప్పుడు బంగారం, వెండి తెచ్చినవారి సంగతి అక్కడ ఉంది. 25, 26 వచనాల్లో స్త్రీల సంగతి కూడా ఉంది. కొందరు నీలం, ఊదా, ఎరుపు నూలు తమ చేతులతో వడికి తెచ్చారు. కొందరు మేక వెంట్రుకలు వడికారు. ఆ వెంట్రుకలతో నేసిన 11 తెరలే గుడారానికి పైకప్పు అయ్యాయి. బంగారం ఇచ్చినవారితో పాటు మేక వెంట్రుకలు వడికినవారినీ దేవుడు లెక్కలో రాయించాడు.

ఇంట్లో చేసుకోవడానికి తేలికైన నక్షత్రం ఒకటి చెబుతాను. రెండు చీపురు పుల్లలు అడ్డంగా పెట్టి, మధ్యలో ఊలుతో గట్టిగా కట్టండి. సిలువ ఆకారం వస్తుంది. ఊలును ఒక పుల్ల చుట్టూ ఒకసారి తిప్పి పక్క పుల్లకు వెళ్ళండి. దాని చుట్టూ తిప్పి ఆ పక్కదానికి వెళ్ళండి. అలా చుట్టుకుంటూ పోతే గాలిపటం ఆకారం వస్తుంది. రంగు మార్చాలంటే ముడి వేసి వేరే ఊలు కలపండి. బయటికి కనిపించేది రంగులే. పట్టి ఉంచేది లోపలి సిలువ. పశువుల తొట్టిలో పుట్టిన శిశువు ఎందుకు వచ్చాడో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

దారం పని మన తెలుగు సంఘాలకు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో 1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలైన మెక్రే దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఆ లేసు దేశదేశాలకు వెళ్ళింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే జర్మనీకి చెందిన మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం రాశారు. గంటల తరబడి అల్లుతున్నా వారిని పనివారుగా ఎవరూ చూడలేదు. ఇంటిపట్టున ఉండి తీరిక వేళ ఏదో అల్లుకుంటారులే అనుకున్నారు. ఆ మాట చాటునే వారి కూలి చాలా తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు.

బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 చెబుతుంది. హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్ళి, కూలి చేతికి రాక తిరిగొచ్చిన బాధ మన ప్రాంతంవారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మరి మన ఇంట్లో? పొలం పని, గేదెల పని, వంట ముగించి, దీపం దగ్గర కూర్చుని ఆమె అల్లినదాన్ని మనం టైంపాస్ అంటాం.

కొన్న నక్షత్రం కట్టడం తప్పు కాదు. అయితే సంఘంలో ఒక సహోదరి చేసి అమ్ముకుంటుంటే, "మన అక్కే కదా" అని ఊరికే తీసుకోకండి. ఊలు ఖరీదు ఇచ్చి సరిపెట్టకండి. చేతి కూలి కూడా కట్టివ్వండి. మందిరానికి కానుకగా ఇస్తే, ఎవరు చేశారో అందరి ముందు చెప్పి వందనాలు చెప్పండి. అన్నలారా, ఆమె అల్లుతున్న ఆ పూట పొయ్యి మీరు చూసుకోండి.

ప్రభువా, మా ఇళ్ళలో అలసిన చేతులను చూసే కళ్ళు మాకు దయచేయుము. ఆమేన్.