తృప్తీ, ఏడు నెలల జీతమూ

తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో బైబిలూ, పాటల పుస్తకమూ కాకుండా బాగా అరిగిపోయిన పుస్తకం ఇంకేదైనా ఉందా అంటే, నాకు తెలిసిన ఇళ్ళ వరకూ అది ‘ఎడారిలో సెలయేర్లు’. రోజుకో పేజీ ఉంటుంది. తేదీ చూసుకుని ఆ పేజీ తీసి చదువుకోవడమే. మా ఇంట్లో ఉన్న ప్రతికి అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయింది. అమ్మ పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసింది. ఫిబ్రవరి పేజీల నిండా పసుపు మరకలు. పొయ్యి పక్కన నిలబడి చదివే పుస్తకం మరి. దీని గురించి ఏ సాహిత్య పత్రికలోనూ ఒక్క మాట రాయగా నేను చూడలేదు.

రాయకపోవడానికి కారణం ఊహించగలను. ‘సంతోషంగా ఉండండి, ఉన్నదాంతో తృప్తిపడండి’ అని చెప్పే భక్తి రచన అనగానే మనలాంటివాళ్ళకి ఒక చిరాకు వస్తుంది. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే సూర్యోదయం బొమ్మ, దాని మీద ఒక వాక్యం. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకునే వాగ్దానం కార్డు. (మా గుడిలో ఆ కార్డుల్లో కష్టాల గురించి ఒక్కటంటే ఒక్కటి కూడా ఉండదు. అందరికీ ఆశీర్వాదమే వస్తుంది.) 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ పాజిటివ్ థింకింగ్ పుస్తకం రాశాక ఈ ధోరణికి ఒక మార్కెట్ కూడా ఏర్పడింది. నవ్వుతూ ఉంటే దేవుడు ఇస్తాడు, ఇవ్వలేదంటే నువ్వు సరిగ్గా నవ్వలేదు. నాకు ఇందులో దేవుడి కంటే సేల్స్ మేనేజర్ ఎక్కువగా కనిపిస్తాడు.

అయితే ‘ఎడారిలో సెలయేర్లు’ ఆ వరసలోది కాదు. దాన్ని ఇంగ్లీషులో కూర్చినావిడ పేరు లెట్టీ కౌమన్. ఆమె భర్త చార్లెస్ చికాగోలో టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసినవాడు. 1901లో ఇద్దరూ మిషనరీలుగా జపాన్ వెళ్ళారు. దేశంలో ప్రతి ఇంటికీ సువార్త చేర్చాలన్న పనిలో పడి తిరిగీ తిరిగీ ఆయన గుండె పాడైంది. అమెరికా తిరిగొచ్చేశారు. తర్వాత దాదాపు ఆరేళ్ళు ఆయన జబ్బుతో, ఆమె ఆయన పక్కన. 1924లో ఆయన పోయాడు. 1925లో పుస్తకం వచ్చింది.

అందులో ఆమె సొంతంగా రాసింది తక్కువ. ఎవరెవరివో ప్రసంగాలు, పద్యాలు, చిన్న చిన్న కథలు. రోగి పక్కన కూర్చున్న మనిషి దొరికిందల్లా చదివి, వాటిల్లో ఆ రాత్రి గడవడానికి పనికొచ్చినవి ఏరి దాచిపెట్టుకున్న మూట అది. అందుకే ఒక పేజీకీ ఇంకో పేజీకీ పొంతన ఉండదు. ఒకచోట ధైర్యం, ఇంకోచోట ఉత్త అలసట. కష్టాన్ని దేవుడు పంపిన కానుక అని మరీ సులువుగా అనేసే పేజీలూ ఉన్నాయి, అవి నాకు ఇప్పటికీ మింగుడుపడవు. కానీ భర్త గుండె నొప్పి ఎప్పుడొస్తుందో తెలియని మనిషి ఆ మాటని తన కోసం దాచుకుందని తెలిస్తే, దాని మీద వాదించాలనిపించదు. అదే మాట ఎవరైనా మైకు పట్టుకుని నాకు చెప్తే మాత్రం వాదిస్తాను.

ఈ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ నేను వెళ్ళింది ఈ తరహా రచనలన్నిటికీ తల్లివేరులాంటి ఉత్తరం దగ్గరికి. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక. నాలుగే అధ్యాయాలు. సంకెళ్ళలో ఉండి రాశాడు. బతుకుతాడో చస్తాడో ఆయనకే తెలియదు. అయినా ఉత్తరం పొడుగునా సంతోషం, ఆనందం అన్న మాటలే. ఎంత లేని స్థితిలోనైనా, ఎంత ఉన్న స్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని చివరి అధ్యాయంలో అంటాడు.

ఇక్కడ ఆయన వాడిన గ్రీకు మాట ‘అవ్‌టార్కేస్’. స్టోయిక్ తత్వవేత్తల మాట. ఎవరి మీదా, దేని మీదా ఆధారపడకుండా తనకు తాను చాలినవాడు అని అర్థం. పౌలు ఆ మాట తీసుకుని వెంటనే దాన్ని తలకిందులు చేస్తాడు. నాకు బలం ఇచ్చేది వేరొకరు, నేను కాదు అంటాడు. స్టీఫెన్ కర్రీ బూట్ల మీదకి ఎక్కిన వాక్యం ఇదే. బాస్కెట్‌బాల్ కోర్టులోనూ, మన జిమ్ముల్లో టీషర్టుల మీదా అది ‘నేను ఏదైనా సాధిస్తాను’ అన్నట్టు వినిపిస్తుంది. దాని ముందు వాక్యం కలిపి చదివితే తెలుస్తుంది, ఆయన చేయగలనన్నది పస్తులుండటం కూడా.

ఇంకో సంగతి. తృప్తిగా ఉండటం ‘నేర్చుకున్నాను’ అన్నాడు, పుట్టుకతో వచ్చిందనలేదు. ఆ తర్వాతి వాక్యంలో వాడిన క్రియ, రహస్య ఆరాధనల్లోకి దీక్ష ఇచ్చి చేర్చుకునేటప్పుడు గ్రీకులు వాడేది. అంటే ఆకలి దగ్గరా, కడుపు నిండటం దగ్గరా దీక్ష తీసుకున్నాడన్నమాట. కడుపు నిండటానికి కూడా దీక్ష కావాలనడం నాకు నచ్చింది. హైదరాబాద్‌లో జీతాలు తీసుకునే మనకి ఆ రెండో సగమే కష్టం అనుకుంటా.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మాటలో కర్త ‘నేను’. ఫిలిప్పీవాళ్ళని సంతోషించమని పదేపదే అడుగుతాడు గానీ, నా ఆకలి సంగతి చెప్పేటప్పుడు ‘నేను’ అంటాడు. మీరు ఆకలితో తృప్తిపడండి అనడు.

మా అమ్మ మా ఊరి దగ్గర ఒక హాస్టల్లో వంటమనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. తెల్లారి నాలుగున్నరకల్లా పొయ్యి వెలిగించాలి. పోయినేడాది వాళ్ళకి వరసగా ఏడు నెలలు జీతాలు రాలేదు. బిల్లు పైకి పోయిందంటారు, పైవాళ్ళు కిందనే ఆగిందంటారు. ఏడు నెలలూ పిల్లలకి మాత్రం ఒక్క పూట వంట ఆగలేదు. కిరాణా కొట్టులో ఖాతా పెరిగింది, చీటీ ఆగింది. నేను పంపిన డబ్బు అమ్మ తీసుకునేది కానీ ఒక నోటుబుక్కులో నా పేరు మీద రాసుకునేది. “నా దగ్గర కూడా అప్పేనా?” అంటే, “నా జీతం ఎంత పోయిందో నాకు తెలియాల గదే,” అనేది.

చివరికి వంటవాళ్ళందరూ కలిసి ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చోవాలనుకున్నారు. ముందురోజు ఆదివారం. నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ రోజు ప్రసంగం సణుగుడు గురించి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి ఏమైపోయారో తెలుసు కదా, అందుకని మనం ఉన్నదాంతో తృప్తిగా ఉండాలి. సణుగుడు అన్నది మా చర్చి తెలుగులో చాలా బరువున్న మాట. బయట ఎవరైనా సణిగితే విసుక్కుంటారు. లోపల సణిగితే అది పాపం.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరికీ వందనాలు చెప్తూ అయ్యగారు అమ్మ దగ్గర ఆగారు.

“ఏమ్మా, రేపట్నుంచి టెంట్లో కూర్చుంటున్నారంట గదా?”

“అవునండి అయ్యగారూ.”

“దేవుడు చూస్తానే ఉన్నాడమ్మా. మనం తొందరపడి సణక్కూడదు. తృప్తి కలిగి ఉండాల.”

అమ్మ చెంగు సర్దుకుంది. “తృప్తి ఉందండి అయ్యగారూ. జీతమే లేదు.”

వెటకారం లేదు ఆ గొంతులో. కూరలో ఉప్పుంది, కారమే లేదు అన్నట్టు చెప్పింది. ఆయన నవ్వేశారు, ఇంకేమనాలో తోచక. అమ్మ అక్కడితో ఆగలేదు. “రేపు పదింటికి మీరొచ్చి ఒక ప్రార్థన చేసి పోండయ్యగారూ, అందరికీ ధైర్యంగా ఉంటుంది,” అని అడిగింది. ఆయన రాలేదు. అమ్మగారు వచ్చారు, రెండు పెద్ద సీసాల్లో మజ్జిగ పోసుకుని. ఆయన మీద నాకు కోపం లేదని కాదు. కానీ ఆయనకి నెల జీతం అనేదే లేదు, కానుకల సంచిలో పడిందే ఆ నెల బతుకు. తనకి తాను చెప్పుకుంటున్న మాటే మాకూ చెప్పాడేమో. తనకి చెప్పుకోవడం వేరు, జీతం రానివాళ్ళకి చెప్పడం వేరు.

అసలు పౌలు ఈ విషయంలో ఎలా ఉన్నాడో చూడండి. ఆయన తృప్తి గురించి రాసింది ఫిలిప్పీ ఊరి వాళ్ళకి. అంతకు కొన్నేళ్ళ ముందు అదే ఊళ్ళో ఆయన్నీ, సీలనీ నడిబజార్లో బట్టలు లాగి, బెత్తాలతో కొట్టి, కాళ్ళకి బొండ వేసి జైల్లో పెట్టారు. విచారణ లేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. ఆ రాత్రి వాళ్ళిద్దరూ జైల్లో పాటలు పాడారన్నది ప్రతి ప్రసంగంలోనూ వింటాం. పొద్దున ఏం జరిగిందో మాత్రం అంతగా వినం. తెల్లారాక అధికారులు, వాళ్ళని వదిలేయండి, పొమ్మనండి అని మనుషుల చేత కబురు పెట్టారు. పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, విచారణ లేకుండా అందరి ముందూ కొట్టారు, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్ళనే వచ్చి బయటికి తీసుకెళ్ళమనండి అన్నాడు. అధికారులు భయపడి స్వయంగా వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాడిన మనిషీ, పొద్దున మొండికేసిన మనిషీ ఒక్కడే. పాడినంత మాత్రాన జరిగింది న్యాయమని ఒప్పుకున్నట్టు కాలేదు. కొత్త నిబంధనలోనే యాకోబు పత్రికలో, చేలు కోసినవాళ్ళకి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిన పడుతుందనీ ఉంది. దాన్ని సణుగుడు అనలేదు.

మా ఒంగోలు వైపు క్రైస్తవం పెరిగింది కూడా కూలి డబ్బుల పక్కనే. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పనీ కూలీ ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వెట్టి తెలిసిన మనుషులు. చేసిన పనికి లెక్కగా కూలి చేతిలో పడటమంటే ఏంటో వాళ్ళకి ఎవరూ ప్రసంగం చేసి చెప్పక్కర్లేదు.

టెంటు పదకొండు రోజులు నడిచింది. నేను రెండు రోజులు కూర్చున్నాను. అమ్మ ‘ఎడారిలో సెలయేర్లు’ సంచిలో పెట్టుకొచ్చి, ఆ రోజు పేజీ పైకి చదివేది. పక్కన కూర్చున్నవాళ్ళలో సాయిబుల ఆవిడ ఉంది, శనివారం ఒక్కపొద్దు ఉండే ఆవిడ ఉంది. వాళ్ళకి పద్యం ముక్కలు నచ్చేవి కావు, కథలుంటే వినేవాళ్ళు. ఒకరోజు పేజీ మరీ నీరసంగా ఉంటే సాయిబుల ఆవిడ “నిన్నటిదే బాగుందక్కా, అదే మళ్ళీ చదువు” అంది. అమ్మ అదే మళ్ళీ చదివింది. సాయంత్రం ఇంటికొస్తూ అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది, అప్పు చేసి. నేను మొహం అదోలా పెట్టాను. “బాకీ రేపైనా ఉంటది, బజ్జీ రేపు చల్లారిపోతది,” అంది.

సంతోషం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ బజ్జీలకి దగ్గరగా వచ్చేది కార్మెలైట్ మఠం వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్‌ది. పదిహేడో శతాబ్దం, పారిస్. యుద్ధంలో దెబ్బ తిని కుంటుతూ నడిచే మనిషి. ప్రార్థనలో ఉన్నా గిన్నెల మధ్య ఉన్నా దేవుడితో ఒకేలా ఉంటానని చెప్పుకున్నాడు. ఆయన పుస్తకం రాయలేదు. ఆయన పోయాక, ఆయన ఉత్తరాలూ, ఆయనతో మాట్లాడిన మాటలూ కలిపి ఇంకొకరు పుస్తకం చేశారు. ఆయనకి వంటపని మొదట్లో అస్సలు ఇష్టం ఉండేది కాదట. అది చదివి అమ్మకి చెప్తే, “ఎవరికుంటది?” అంది.

పన్నెండో రోజు నాలుగు నెలల జీతం పడింది. అమ్మ అందులో దశమభాగం తీసి కవరులో పెట్టింది. కిరాణా కొట్టులో సగం కట్టింది. నోటుబుక్కు తీసి నా పేరు ఎదురుగా కొంత కొట్టేసి, నాకు ఫోన్‌పే చేయించింది. వద్దంటే వినలేదు.

ఫిలిప్పీ ఉత్తరం చివర్లో పౌలు, వాళ్ళు ఎపఫ్రొదితు చేత పంపిన సాయం అందిందని రాస్తాడు. ఆ ‘అందింది’ అన్న చోట వాడిన గ్రీకు మాట ఆ కాలంలో రసీదుల మీద రాసేది. ఎన్ని లేకపోయినా తృప్తిగా ఉన్నానని చెప్పిన మనిషే, వచ్చినదానికి రసీదు రాసిచ్చాడు. మన ప్రామిసరీ నోట్ల వెనక పెద్దవాళ్ళు రాసే మాట ఉంటుంది చూడండి, ‘ముట్టినది’ అని. సరిగ్గా అదే. అమ్మ నోటుబుక్కులో ఇంకో పేజీ ఉంది, ఏడు నెలల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి. నాలుగు నెలల ఎదురుగా ‘ముట్టింది’ అని రాసి, పక్కన తేదీ వేసింది. మిగతా మూడింటి ఎదురుగా ఏమీ లేదు. ఈ సోమవారం అందరూ కలిసి మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నారట.