అల్లా పేరున్న ఉంగరం

వేసవిలో స్టాక్‌హోం నగరపాలక భవనం పక్కనున్న రేవు నుంచి బయల్దేరే పడవ మేలారెన్ సరస్సు మీదుగా పడమటికి సాగి దాదాపు రెండు గంటల్లో బ్యోర్కో దీవి చేరుతుంది. దిగగానే కనిపించేవి పచ్చిక, గొర్రెలు, మట్టిదిబ్బలు. ఆ దిబ్బలన్నీ సమాధులే. 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం చివరిదాకా వైకింగుల వర్తక పట్టణం బిర్కా ఉన్నది ఇక్కడే. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

19వ శతాబ్దంలో యాల్మార్ స్టోల్పే ఈ దీవికి వచ్చింది అంబర్ ముక్కల్లో చిక్కుకుపోయిన పురుగుల కోసం! చివరికి సుమారు 1,100 సమాధులు తవ్వాడు. వాటిలో ఓ స్త్రీ సమాధిలో వెండి ఉంగరం దొరికింది. దాని ఊదారంగు రాయిపై అరబిక్ అక్షరాలున్నాయి. ఆ రాయి నిజానికి రంగు గాజని 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది. అక్షరాలను 'అల్లాకు' అని చదివింది. లోహం మీద ఆకురాయి గీతలు కూడా అరగలేదు. అంటే ఉంగరం పెద్దగా చేతులు మారకుండానే ఇక్కడికి చేరిందన్నమాట.

అయితే ఆమె ముస్లిమేనా? ఆమె ఒంటిమీద ఉన్నవి స్థానిక దుస్తులే. ఇదే సరస్సులోని హెల్గో దీవిలో 1956లో చిన్న కంచు బుద్ధ విగ్రహం బయటపడింది. అది భారత ఉపఖండపు వాయవ్య ప్రాంతంలో 6వ శతాబ్దంలో తయారైంది. దాన్ని చూసి వైకింగులు బౌద్ధులని ఎవరూ అనలేదు. ఉంగరానికీ అదే న్యాయం వర్తించాలి.

మతం కన్నా వెండే ఇక్కడికి ఎక్కువగా వచ్చింది. బొచ్చు తోళ్లు, బానిసలను వోల్గా దారిలో అమ్మి, వైకింగులు దిర్హాములు తెచ్చుకునేవారు. గోట్లండ్ దీవిలోని స్పిలింగ్స్ వద్ద 1999లో దొరికిన 67 కిలోల వెండిలో 14,000కు పైగా నాణేలున్నాయి. అత్యధికం ఇస్లామిక్ నాణేలే. వాటి మీద కలిమా చెక్కి ఉంటుంది. కొన్నవాళ్లు మాత్రం దాన్ని చదవలేదు, నాణేన్ని ముక్కలు చేసి తూకం వేశారు.

వోల్గా బల్గార్ల రాజు మతగురువులను పంపమని కోరితే 921లో బాగ్దాద్ నుంచి రాయబార బృందం బయల్దేరింది. అందులోని ఇబ్న్ ఫద్లాన్ 922లో అక్కడ రూస్ వర్తకులను చూశాడు. వాళ్ల నాయకుడిని ఓడతో సహా దహనం చేసిన తీరు వివరంగా రాశాడు. బృందం మాత్రం అంతకు మించి ఉత్తరానికి వెళ్లలేదు. బిర్కాకు మతం చెప్పడానికి 829 ప్రాంతంలో వచ్చింది క్రైస్తవ సన్యాసి అన్స్‌గార్. ఆయన సాధించిందీ అంతంతమాత్రమే. కానీ ఆయన వెనుక ఒక చర్చి ఉంది, మళ్లీ మళ్లీ మనుషుల్ని పంపింది.

వైకింగ్ సంతతికి చెందిన కీవ్ పాలకుడు వ్లాదిమిర్ ముందుకు ఇస్లాం వచ్చిందనీ, మద్యం మానలేక కాదన్నాడనీ రష్యన్ ప్రాచీన వృత్తాంతం చెబుతుంది. సన్యాసులు తర్వాత అల్లిన కథలా తోస్తుంది. 988లో ఆయన బైజాంటియం మతాన్నే ఎంచుకున్నాడు. ఒకవేళ బల్గార్ల దారి పట్టి ఉంటే, లదోగా దాకా నది రేవుల్లో మసీదులు లేచేవేమో. బిర్కాలో మాత్రం కాదు. 975 ప్రాంతానికే అది ఖాళీ అయింది.