తేదీ లేని కార్డు

నా అకామా మీద గడువు తేదీ ఉండదు. 2015లో సౌదీ ప్రభుత్వం పాత అకామా స్థానంలో ‘ముఖీమ్’ కార్డు తెచ్చినప్పటి నుంచీ అంతే. ప్లాస్టిక్ కార్డు ఐదేళ్లు వస్తుంది, దాని వెనకున్న అనుమతిని మాత్రం కంప్యూటర్‌లో ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ ఉండాలి. చేతిలో ఉన్న కార్డు చెల్లుతోందో లేదో దాన్ని చూస్తే తెలియదు. అబ్షిర్ తెరిచి చూసుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అక్కచెల్లెళ్ల కోసం చెబుతున్నాను. ఆయన ఉద్యోగం మీద ఆయన అకామా, ఆయన అకామా మీద నాదీ పిల్లలిద్దరిదీ. 2017 జూలైలో ఆధారపడినవాళ్లు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా వంద చొప్పున పెంచి 2020కి 400 చేశారు. మా ముగ్గురికీ కలిపి ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ లెక్క వేసుకునే ఎంతోమంది భార్యాపిల్లల్ని ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పంపేశారు. మా వీధిలో వారానికో ఫ్రిజ్జు అమ్మకానికి వచ్చిన రోజులవి. మేం ఉండిపోయాం. మంచి నిర్ణయమో కాదో ఇప్పటికీ ఆయనా నేనూ ఒక మాట మీదకి రాలేదు.

మూడేళ్ల క్రితం అమ్మకి గుంటూరులో ఆపరేషన్ అన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన కంపెనీవాళ్లు అకామా రెన్యువల్ ఆలస్యం చేశారు. ఆయనది ఆగితే మాదీ ఆగినట్టే. అకామా చెల్లకపోతే ఎగ్జిట్ రీఎంట్రీ రాదు, అది లేకుండా వెళ్తే తిరిగి రాలేను. పాస్‌పోర్ట్ ఉంది, టికెట్‌కి డబ్బుంది, బ్యాగు సర్ది మంచం కింద పెట్టాను. పందొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. అమ్మకి ఆపరేషన్ అయిపోయింది, కుట్లు కూడా విప్పారు. నేను వెళ్లేసరికి నాకు పప్పుచారు కాచిపెట్టింది తనే.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. దాని కథ ఇంకోలా ఉంది. అమెరికాలో 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత డ్రైవింగ్ లైసెన్సులకి దేశమంతా ఒకే భద్రతా ప్రమాణం ఉండాలని 2005లో రియల్ ఐడీ చట్టం చేశారు. వాయిదాల మీద వాయిదాలు పడి, విమానాశ్రయాల్లో 2025 మే 7 నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలోపల విమానం ఎక్కాలన్నా నక్షత్రం గుర్తున్న లైసెన్సు గానీ పాస్‌పోర్ట్ లాంటిది గానీ చూపించాలి. ఆ లైసెన్సు కోసం ఇంటి చిరునామాకి రెండు రుజువులు అడుగుతారు. కరెంటు బిల్లు, ఇంటి అద్దె కాగితం, ఇంటర్నెట్ బిల్లు అన్నీ మా మరిది పేరునే. పదేళ్లుగా ఆ ఇంట్లో వంట చేస్తున్న మనిషి అక్కడే ఉంటోందనడానికి కాగితం లేదు! చివరికి ఇద్దరి పేర్లూ ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటూ, దాని పేరున వచ్చిన ఇన్సూరెన్సు కాగితమూ పనికొచ్చాయి. ఇంత చేసినా, వీసా మీద ఉన్నవాళ్లకి లైసెన్సు వాళ్లు ఉండొచ్చన్న తేదీ వరకే ఇస్తారు. అది తాత్కాలికమని కార్డు మీదే కనిపించాలని చట్టంలో ఉంది. “నీ కార్డు మీద తేదీ లేదని నువ్వు ఏడుస్తావు, నా కార్డు మీద ఉందని నేను ఏడుస్తాను అక్కా” అంది ఫోన్లో.

పేరు సంగతి చెప్పకపోతే ఎలా? మాది గుంటూరు జిల్లా నూర్‌బాషాల కుటుంబం, ఇంట్లో తెలుగే. పాస్‌పోర్ట్‌లో నేను షేక్ పర్వీన్. అరబ్బీలో ‘ప’ లేదు, ‘వ’ ఉన్నా మనం ఇంగ్లీషు ‘వి’తో రాసే శబ్దం లేదు. అందుకని అకామాలో అరబ్బీ వరసన ‘బర్ఫీన్’ అయ్యాను. క్లినిక్‌లో ఆ పేరుతో పిలిచినప్పుడల్లా మా పిల్లలు మిఠాయి తలుచుకుని నవ్వుతారు. చెల్లెలి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు, పేరు ఒక్కటే ఉంది. అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ వచ్చింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అట. మీ ఇంట్లో పాపాయికి పాస్‌పోర్ట్ తీయబోతుంటే రెండు గడులూ నింపండి. బర్త్ సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో అదే అన్నిచోట్లా ఉండేలా చూడండి.

అకామా నంబరు పది అంకెలు. సౌదీ వాళ్లది 1తో మొదలవుతుంది, మనలాంటివాళ్లది 2తో. చివరి అంకె మిగతా తొమ్మిదింటి నుంచి ఒక సూత్రం ప్రకారం వస్తుంది. బీఎస్సీ చదివిన బుద్ధి ఊరుకోదు కదా, ఒక మధ్యాహ్నం కాగితం మీద వేసి చూశాను. సరిపోయింది. ఆ నంబరులో ఆయనకి సంబంధించిన అంకె ఒక్కటీ లేదు. ఎందుకో సంతోషం వేసింది.

ఈ దేశంలో ఆడవాళ్లకి సొంత గుర్తింపు కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది 2001లో. అంతకుముందు సౌదీ స్త్రీ పేరు తండ్రి కార్డులోనో భర్త కార్డులోనో ఒక వరుస. 2018 జూన్ 24 నుంచి కారు నడపొచ్చన్నారు. మా పైఅంతస్తులో ఉండే సౌదీ టీచరమ్మ కుబా వైపు మొదటిసారి నడుపుకుంటూ వెళ్లిన రోజు మెట్ల మీద అందరికీ ఖర్జూరాలు పంచింది.

అమ్మని చూసి వచ్చాక నేనూ నేర్చుకోవడానికి పేరిచ్చాను. “ఇప్పుడెందుకు, నేను దింపుతున్నాగా” అన్నారు ఆయన. కళ్ల పరీక్ష, క్లాసులు, కంప్యూటర్ మీద ప్రశ్నలు, ఆ తర్వాత నడిపి చూపించాలి. ఊళ్లో స్కూటీ ఎడమవైపు తోలిన చేతులు కుడివైపుకి అలవాటు పడడానికి నెల పట్టింది. లైసెన్సు మీదా అకామా నంబరే ఉంటుంది, అరబ్బీలో మళ్లీ బర్ఫీనే. అకామా ఆగిపోతే ఈ కార్డు నన్నేమీ కాపాడదని నాకు తెలుసు. కానీ ఆయన ఉద్యోగం చూసి ఇచ్చింది కాదు, బండి నడపడం చూసి ఇచ్చారు. ఇప్పుడు పిల్లల్ని స్కూలు నుంచి నేనే తెస్తున్నాను. సుల్తానా రోడ్డు ట్రాఫిక్‌లో ఆయన పక్కన కూర్చుంటే మాత్రం లేని బ్రేకు తొక్కుతూనే ఉంటారు.

చెల్లెలి లైసెన్సు ఈ ఆగస్టుతో అయిపోతుందట. మరిది హెచ్1 పొడిగింపు ఇంకా రాలేదు. పాస్‌పోర్ట్ బ్యాగులోనే పెట్టుకుని తిరగమన్నాను.