న్యూట్రాన్ల కొరత నేర్పిన విద్య

గ్రెనోబుల్ నుంచి

అక్కా,

ఒకే పదార్థాన్ని చూడడానికి ఇన్ని రకాల యంత్రాలు ఎందుకు, అన్ని పనులకూ పనికొచ్చే మంచి స్పెక్ట్రోమీటర్ ఒకటి చేసుకుంటే చాలదా అని అడిగావు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ ఊరికి మించిన చోటు లేదు. ద్రాక్, ఈజేర్ నదులు కలిసేచోట, ఆల్ప్స్ కొండల మధ్య లావే–లాంజ్వాన్ సంస్థ ఉంది. ఫ్రాన్స్, జర్మనీ కలిసి 1967లో దాన్ని స్థాపించాయి. 1971లో మొదలైన 58 మెగావాట్ల రియాక్టర్ ఇచ్చే న్యూట్రాన్లతో దాని చుట్టూ పదుల కొద్దీ పరికరాలు పనిచేస్తున్నాయి. ఒకదాని పని మరొకటి చెయ్యదు. దీనికి మూలకారణం న్యూట్రాన్ల కొరత.

గది వేడిమికి చల్లబడిన న్యూట్రాన్ సెకనుకు సుమారు 2,200 మీటర్ల వేగంతో వెళ్తుంది. దాని తరంగదైర్ఘ్యం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే స్ఫటికంలో పరమాణువుల మధ్య ఉండే దూరమంత. దాని శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు, అంటే ఆ పరమాణువులు కంపించే శక్తికి సరిసమానం. అందుకే న్యూట్రాన్ ఎటు మళ్లిందో చూస్తే పరమాణువులు ఎక్కడున్నాయో తెలుస్తుంది, ఎంత శక్తి పోగొట్టుకుందో చూస్తే అవి ఎలా కదులుతున్నాయో తెలుస్తుంది. ఈ రెండూ ఒకేసారి ఇంత సహజంగా చెప్పే సాధనం మరొకటి లేదు. చిక్కల్లా ఒక్కటే. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి విద్యుత్ క్షేత్రంతో దాని వేగాన్ని పెంచలేం, తగ్గించలేం. ఒకే వేగం గలవి కావాలంటే మిగిలినవన్నీ వదులుకోవాల్సిందే. జల్లెడ కన్నాలు సన్నబడేకొద్దీ కింద పడే పిండి తగ్గినట్టు, శక్తిని ఎంత సూక్ష్మంగా కొలవాలనుకుంటే లెక్కకు వచ్చే న్యూట్రాన్లు అంత తగ్గిపోతాయి. కాబట్టి స్పెక్ట్రోమీటర్ రూపకల్పన అంటే ఏ న్యూట్రాన్లను వదులుకోవచ్చో తేల్చుకోవడం. ఆ నిర్ణయం మన ప్రశ్నను బట్టి ఉంటుంది.

కెనడాలోని చాక్ రివర్‌లో బర్ట్రమ్ బ్రాక్‌హౌస్ 1950ల్లో రూపొందించిన మూడు అక్షాల స్పెక్ట్రోమీటర్‌నే తీసుకో. మొదటి స్ఫటికం ఒక శక్తి గల న్యూట్రాన్లను ఎంచుతుంది. రెండో అక్షం మీద నమూనా ఉంటుంది. మూడో అక్షం మీది స్ఫటికం చెదిరి వచ్చినవాటి శక్తిని కొలుస్తుంది. ఇది ఒక్కసారికి ఒక్క బిందువునే చూస్తుంది గాని, కావలసిన చోట ఎంతసేపైనా నిలుస్తుంది. ఇక్కడి ఐఎన్5 అనే యంత్రం దారి వేరు. గిరగిర తిరిగే పళ్లేల చీలికలు న్యూట్రాన్ ధారను చిన్న చిన్న గుంపులుగా కోస్తాయి. నమూనాకు నాలుగు మీటర్ల దూరంలో 30 చదరపు మీటర్ల డిటెక్టర్ నిలబడి, ఏ న్యూట్రాన్ ఎప్పుడు చేరిందో రాసుకుంటుంది. విశాలమైన పటం ఒక్కసారే దొరుకుతుంది, కాని పళ్లేలు మూసి ఉన్నంతసేపూ వచ్చే న్యూట్రాన్లన్నీ వృథా. ఇక్కడి మరో యంత్రం ఐఎన్16బి ఒక మైక్రో ఎలక్ట్రాన్ వోల్టు కన్నా తక్కువ తేడాను పసిగడుతుంది, అయితే అది చూడగల శక్తి వ్యాప్తి చాలా చిన్నది. నువ్వన్న ఒకే మంచి యంత్రం కుదరకపోవడానికి కారణం ఇదే.

పక్కనే సింక్రోట్రాన్ ఉంది కదా, ఎక్స్ కిరణాలకు కొరత లేదు కదా అంటావు. నిజమే. ఇప్పుడు ఎక్స్ కిరణాలతో కూడా స్ఫటిక కంపనాలను కొలుస్తున్నారు. నమూనా చిన్నదైతే వాటికే నా ఓటు. కాని అదే తరంగదైర్ఘ్యం గల ఎక్స్ కిరణానికి న్యూట్రాన్ కన్నా దాదాపు మూడు లక్షల రెట్లు శక్తి ఉంటుంది. అందులో ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు తేడాను వెతకడం మహా కష్టం. పైగా హైడ్రోజన్ వాటికి దాదాపు కనిపించదు, న్యూట్రాన్లకు స్పష్టంగా కనిపిస్తుంది. అయస్కాంత స్పిన్‌ల కదలికను నేరుగా కొలవడంలో న్యూట్రాన్లకు ఉన్న సౌలభ్యం వేరు.

గార్షింగ్ నుంచి

అక్కా,

మ్యూనిక్ దగ్గరి ఈ ఊళ్లో గుడ్డు ఆకారంలో ఒక పాత రియాక్టర్ గోపురం నిలిచి ఉంది. 1957లో మొదలైన ఆ రియాక్టర్ శక్తి ఎప్పుడూ 4 మెగావాట్లు దాటలేదు. గ్రెనోబుల్ ముందు అదెంత? అయినా న్యూట్రాన్లను గాజు గొట్టాల లోపలి గోడల మీద పరావర్తనం చెందిస్తూ దూరానికి నడిపించే మార్గాలు ఇక్కడే పుట్టాయి. ఐఎన్16బి పనిచేసే పద్ధతి, అంటే న్యూట్రాన్లను దాదాపు వచ్చిన దారినే వెనక్కి మళ్లించి శక్తిని అతి సూక్ష్మంగా కొలవడం, 1960ల్లో ఇక్కడ మాయర్-లైబ్నిట్జ్ బృందమే సాధించింది. ఆయనే తర్వాత గ్రెనోబుల్ సంస్థకు మొదటి డైరెక్టరయ్యారు. న్యూట్రాన్లు తక్కువున్న చోట ఒక్కదాన్నీ ఊరికే పోనివ్వకూడదన్న పట్టుదల ఉంటుంది. కొత్త పద్ధతులు ఆ పట్టుదలలోంచే వచ్చాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సూక్ష్మత పెరిగితే సంఖ్య తగ్గక తప్పదన్న సూత్రానికి స్పిన్ ఎకో ఎదురు నిలవదా అని ఎవరైనా అడగవచ్చు. 1972లో ఫెరెంక్ మెజెయ్ ఆలోచన అది. ప్రతి న్యూట్రాన్ స్పిన్‌నూ అయస్కాంత క్షేత్రంలో తిప్పి, దాన్నే ఆ న్యూట్రాన్ సొంత గడియారంగా వాడాడు. అప్పుడు అన్నిటి వేగమూ ఒకటే కానక్కర్లేదు. ధారలో పదిహేను శాతం తేడా ఉన్నా ఫరవాలేదు. సూత్రాన్ని ఇంత అందంగా దాటినవాళ్లు లేరు. కాని ఇక్కడా మూల్యం ఉంది. స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉండాలి కాబట్టి సగం న్యూట్రాన్లు ముందే పోతాయి. శక్తి పటానికి బదులు కాలంతో పాటు కదలిక ఎలా సడలిందన్నదే చేతికొస్తుంది. పాలిమర్లకూ ప్రొటీన్లకూ అది వరం, స్ఫటిక కంపనాల పూర్తి పటానికి చాలదు. ఆ పద్ధతికి మొదటి పరీక్ష జరిగింది కూడా బుడాపెస్ట్‌లోని చిన్న రియాక్టర్ మీదే.

లుండ్ నుంచి

అక్కా,

స్వీడన్‌లోని ఈ ఊళ్లో యూరోపియన్ స్పలేషన్ కేంద్రం సిద్ధమవుతోంది. తిరిగే టంగ్‌స్టన్ చక్రాన్ని ప్రోటాన్లు సెకనుకు 14 సార్లు ఢీకొని న్యూట్రాన్లను రాల్చేలా దీన్ని రూపొందించారు. దీన్ని చూస్తే నా వాదానికి బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది: బలమైన మూలం లేనిదే ఏ పరికరమూ ఏమీ చెయ్యలేదు కదా? మిల్లీగ్రాముల నమూనాలకు ఇది సత్యం, ఒప్పుకుంటాను. అయితే ఇక్కడ కూడా అసలు మేధ పరికరంలోనే ఖర్చవుతోంది. హీలియం-3 వాయువు దొరకడం కష్టమైనందువల్ల బోరాన్-10 పూతతో డిటెక్టర్లను కొత్తగా రూపొందిస్తున్నారు. కొరతే మళ్లీ గురువైంది.

పరమాణువులు ఎలా కదులుతాయో కంప్యూటరే లెక్క వేసి చెబుతుంటే కొలత ఎందుకన్న మాట కూడా నీ ఉత్తరంలో ఉంది. సిలికాన్ వంటి వాటికి లెక్కలు బాగానే కుదురుతాయి. కాని యిట్రియం, బేరియం, కాపర్ ఆక్సైడ్ అతివాహకంలో 41 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపించిన అయస్కాంత శిఖరాన్ని 1991లో రోసా-మిన్యో బృందం మూడు అక్షాల పరికరంతోనే చూసింది. దాని అర్థం గురించి వాదన ఇంకా సాగుతోంది. లెక్క సరైనదో కాదో చెప్పేది కూడా చివరికి కొలతే.

ఇలా పరికరాలు కట్టి కొలవడం మన దేశానికి కొత్త సంగతి కాదు. పి.కె. అయ్యంగార్ చాక్ రివర్‌లో బ్రాక్‌హౌస్‌తో కలిసి జెర్మేనియం కంపనాలను కొలిచారు. ఆ పత్రం 1958లో వచ్చింది. తిరిగొచ్చి ట్రాంబేలో ఒక బృందాన్ని తయారు చేశారు. 1960ల్లో అక్కడ చేసిన స్పెక్ట్రోమీటర్ ఫిలిప్పీన్స్ వెళ్లి, ఒక మెగావాటు రియాక్టర్ మీద ఆసియా శాస్త్రజ్ఞులకు పని నేర్పింది. పరికరాన్ని సొంతంగా చేయగలిగినవాళ్లే సొంత ప్రశ్న వేయగలరు. విదేశాల్లోని పరికరాల మీద సమయం అడిగి తెచ్చుకోవడం అవసరమే, అదొక్కటే చాలదు.

ట్రాంబేలో 1985లో మొదలైన 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్ చుట్టూ ఇప్పటికీ పరికరాలున్నాయి. యూజీసీ–డీఏఈ కన్సార్షియం ద్వారా మన విశ్వవిద్యాలయాల పిల్లలు అక్కడ పని చేసుకోవచ్చు. ఈసారి నీ విద్యార్థుల్లో ఎవరైనా పరిశోధన మాటెత్తితే, గ్రెనోబుల్ దరఖాస్తు కన్నా ముందు ట్రాంబే దరఖాస్తు పెట్టించు. అక్కడికి చేరాక కొలతతో సరిపెట్టుకోకుండా, ఒక స్ఫటికాన్ని అమర్చడం దగ్గర నుంచీ నేర్చుకోమను.