గాడిద తన్ను

క్రిందటేడు అక్టోబరులో ఒక శుక్రవారం రాత్రి మా అబ్బాయి హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లో చివరి నిమిషంలో ఫీల్డ్ గోల్ తప్పాడు. వాళ్ళ జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఆఫీసు కాల్‌లో ఇరుక్కుని నేను మ్యాచ్‌కి వెళ్ళనేలేదు. అయినా ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటున్నవాడితో, "రెండున్నర గంటల ఆటలో నీకున్న పని ఒక్క తన్ను. అదీ తన్నలేకపోయావురా గాడిదా?" అన్నాను. వేళాకోళానికే అన్నాననుకున్నాను. వాడు ఒక కాలికి బూటుతోనే మేడమీదికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మా ఆవిడ నావంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

మర్నాడు సాయంత్రం మా చిన్నది రాజీ కుదర్చడానికి కాబోలు ఒక పాత సినిమా పెట్టింది. "అన్నయ్యా, ఇందులో గాడిదే కిక్కర్, రా" అని కేకేసింది. 1976లో డిస్నీ వాళ్ళు తీసిన 'గస్'. ఖచ్చితంగా చెప్పాలంటే గస్ గాడిద కాదు, కంచరగాడిద. యుగోస్లావియాలో ఆండీ అనే కుర్రాడు పెంచుకుంటున్నది. ఆండీ అన్న పెద్ద సాకర్ వీరుడు. ఆండీకి మాత్రం బంతి అచ్చిరాదు. (ఇలాంటి అన్నదమ్ములు మన ఇళ్ళల్లోనూ ఉంటారు.) ఒకరోజు సరదాకి ఆండీ బంతి ముందు పెడితే గస్ వెనక్కాళ్ళతో తన్నిన తన్నుకి అది ఎక్కడో వెళ్ళి పడుతుంది.

అటు అమెరికాలో కాలిఫోర్నియా ఆటమ్స్ అనే జట్టు ఓటమి మీద ఓటమితో కునారిల్లుతుంటుంది. ఆట విరామంలో జనానికి వినోదంగా ఉంటుందని జట్టు యజమాని గస్‌ని రప్పిస్తాడు. అది వంద గజాల అవతలికి తన్నేసరికి ఏకంగా జట్టులోకే తీసుకుంటాడు. గాడిద ఆడకూడదని రూల్ ఎక్కడుంది? వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మన సామెత. ఈ యజమాని పట్టుకున్నవీ ఆ కాళ్ళే!

నవ్వు మధ్యలో నాకు తట్టింది: గాడిదని అంత దూరంనుంచి ఎందుకు తెచ్చారు? అమెరికాలో గాడిదలు లేకనా? ఆ రోజుల్లో నిజం ఆటలో కిక్కర్లు చాలామంది అలా పైనుంచి వచ్చినవాళ్ళే. హంగరీలో పుట్టిన పీట్ గోగొలాక్ 1964లో బఫెలో బిల్స్ తరఫున, సాకర్‌లోలాగా పక్కనుంచి వచ్చి పాదం లోపలివైపుతో తన్నడం మొదలుపెట్టాడు. అంతకుముందు అంతా తిన్నగా వచ్చి బొటనవేలివైపుతో తన్నేవారు. నార్వేనుంచి యాన్ స్టెనరూడ్ మంచుమీద స్కీయింగ్ స్కాలర్‌షిప్‌తో మోంటానా వచ్చి, 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. మిగతా ఆటలో వాళ్ళతో ఎవరికీ పనిలేదు. పిలిచినప్పుడు వచ్చి తన్నిపోవాలి.

నా ఉద్యోగమూ అంతే కదా! ఎవరిదో కంపెనీ, ఎవరిదో ప్రాజెక్టు. కొత్త సిస్టం మొదలయ్యే రాత్రి నన్ను పిలుస్తారు. సరిగ్గా నడిస్తే నేనున్నానని ఎవరికీ గుర్తుండదు. నడవకపోతే నా పేరు అందరికీ తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తూ, పదహారేళ్ళవాడిని ఆ మాట అన్నాను.

సినిమాలో సగం దాకా మావాడు మెట్లమీదే కూర్చుని చూశాడు. చివరి ఆటలో బురదకి గస్ కాలు జారుతుంది, తన్ను తప్పుతుంది. ఆండీయే బంతి అందుకుని పరుగెత్తి గెలిపిస్తాడు. అప్పుడు మావాడు నోరు విప్పాడు. "యెప్రేమియన్ కథ తెలుసా నీకు?" అన్నాడు. నాకు తెలీదు. సైప్రస్‌లో పుట్టిన గేరో యెప్రేమియన్, మయామి డాల్ఫిన్స్ కిక్కర్. 1973 జనవరి సూపర్ బౌల్‌లో అతని కిక్‌ని అవతలివాళ్ళు అడ్డుకున్నారు. వెనక్కొచ్చిన బంతిని తీసి విసరబోతే చేతిలోంచి జారింది. వాషింగ్టన్ ఆటగాడు దాన్ని పట్టుకుపోయి టచ్‌డౌన్ చేశాడు. అయినా మయామి 14-7తో గెలిచి, ఆ సీజన్ మొత్తం 17 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు.

"మా టీమ్ కూడా గెలిచుంటే నన్నూ ఏమీ అనేవాడివి కాదు" అన్నాడు. నిజమే. తప్పు నాదేనన్నాను. తెలుగులో 'సారీ'కి మాట వెతుక్కున్నాను, దొరకలేదు. ఇంగ్లీషులోనే చెప్పాను.

ఆపై శుక్రవారం ఫోన్ కారులోనే వదిలేసి వెళ్ళాను. సినిమాలో ఆండీ పక్కనుండి కేకేస్తేనే గస్ తన్నుతుంది. మా చిన్నదానికి అది బాగా గుర్తుంది. అన్నయ్య ఎక్స్‌ట్రా పాయింట్‌కి వచ్చేసరికి నా చొక్కా పట్టుకు లాగింది. "తన్నరా!" అని గొంతు చించుకుని అరిచాను. ముందు వరసవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. బంతి కర్రల మధ్యనుంచే పోయింది. వచ్చింది ఒక్క పాయింటేననుకోండి.

కారెక్కాక మావాడు అన్నాడు, "నాన్నా, అదేం సిగ్నల్ అని కోచ్ అడిగాడు."

"ఏం చెప్పావు?"

"గాడిదల భాష అని చెప్పా."