గురువారం ఏడున్నరకు చాపలు పరుస్తాం

రండి, చెప్పులు అక్కడే విడిచి లోపలికి రండి. సోఫా గోడకు జరిపేశాను, చాపలు పరవడమే మిగిలింది. పొయ్యి మీద శనగ గుడాలు ఉడుకుతున్నాయి. ప్రార్థన కూడికకు ఇంకా అరగంట ఉంది, కాసేపు మాట్లాడుకుందాం.

మీ ఇంట్లోనూ కూడిక పెట్టాలని ఉంది కానీ, ఇల్లు చిన్నదని వెనకాడుతున్నారు కదూ? బైబిల్లోని అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టుకుని బతికిన ఆలుమగలు. సంఘం వాళ్లింట్లోనే కూడేది. ఫిలేమోను ఇంట్లోనూ అంతే. సిరియాలో దురా యూరోపస్ అనే చోట క్రీ.శ. 240 ప్రాంతంలో క్రైస్తవులు కూడుకున్న ఇల్లొకటి తవ్వకాల్లో బయటపడింది. అందరూ పట్టేలా రెండు గదుల మధ్య గోడ తీసేశారు వాళ్లు. మనం సోఫా జరిపితే చాలు!

చాప మీదే ఎందుకంటారా? గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను చూశారా? 1950లో భక్త సింగ్ మొదలుపెట్టిన మందిరం అది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన 2000లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవడం, ఆరాధన అయ్యాక పంక్తిలో ప్రేమవిందు తినడం ఆయన సంఘాల్లో అలవాటు. చాప మీద పటేలూ, కూలికి పోయే మనిషీ ఒకే ఎత్తులో ఉంటారు. మా చేవెళ్లలాంటి ఊళ్లో అది చిన్న విషయం కాదు.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. మొదట్లో నేను బిర్యానీ వండాను. అందరూ మెచ్చుకున్నారు కానీ, తర్వాతి వారం మా ఇంట్లో పెడతామని ఒక్కరూ అనలేదు. అంత వండలేమని వాళ్ల దిగులు. అప్పటి నుంచి ఎవరింట్లోనైనా గుడాలు, చాయ్, అంతే.

తొమ్మిదికి ముగిస్తాం. మొయినాబాద్ నుంచి వచ్చే చెల్లె గులాబీ తోటలో పని చేస్తుంది, తెల్లారకముందే లేవాలి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే, ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆ కుర్రాణ్ణి లేపడానికి అక్కడ పౌలున్నాడు. మనం వేళకు ముగించడమే మేలు.

ఇక అసలు సంగతి. గుడిలో అయ్యగారు వాక్యం చెబుతుంటే మధ్యలో చెయ్యెత్తి అడగలేం. ఇంట్లో అడగొచ్చు. ఒకరోజు ఒకామె అంది: "అక్కా, నా మొగడు తాగుడు మానాలని ఐదేండ్ల సంది ప్రార్థన చేస్తున్న. దేవుడు ఇంటున్నడా?" నాకు తెలిసిన వచనాలన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఆపుకున్నాను. యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే అతణ్ణి మరింత నొప్పించారు. ఆ రాత్రి మేమూ ఊరికే కూర్చున్నాం. కాసేపటికి పక్కనున్న ముసలమ్మ తన పెనిమిటి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చేసిన ప్రార్థన వేరేగా ఉంది.

ఇంకొకటి చెప్పాలి, నాకు ఇప్పటికీ బాధే. ఓ సహోదరి ఇంటి అప్పు సంగతి ప్రార్థన విన్నపంగా చెబితే, వారం తిరక్కుండా అది ఊరంతా పాకింది. మా చాప మీద నుంచే పోయింది. ఆమె మూడు నెలలు రాలేదు. నేనే వెళ్లి, వాకిట్లో నిలబడి క్షమించమని అడిగాను. ఇప్పుడు ప్రతి కూడిక ముందూ ఒక్క మాట చెబుతాం: ఇక్కడ విన్నది గడప దాటొద్దు. ఆ మాట మీద నిలబడలేని ఇంట్లో కూడిక పెట్టకపోవడమే మంచిది.

మైకు వద్దు. పక్కింటి పెద్దమ్మ దేవుడి గదిలో దీపం పెట్టుకునే వేళ, మన పాట ఆమె చెవిలో మోగకూడదు. ఎవరినీ బలవంతంగా పిలవొద్దు. మీకు తెలిసిన నలుగురితో మొదలుపెట్టండి.

అదిగో, గేటు చప్పుడైంది. ఆ చాప ఇటు అందుకోండి. వచ్చే గురువారం వంతు ఆ సహోదరిది. రెండు గదుల రేకుల ఇల్లు. తానే అడిగింది.