గొంతు తప్పా, దారి తప్పా?



ఇంటి పెద్దలు పాడే పాటలను వారి గొంతులోనే భద్రపరచుకోవాలని ఈ రోజులలో ఎన్నో కుటుంబములు ఆశపడుతున్నాయి. ఒకప్పుడు ఇందుకోసము స్టూడియోకు వెళ్లి, గంటల లెక్కన అద్దె కట్టవలసి వచ్చేది. ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక మైకు, ఆ రెండింటినీ కలిపే ఒక చిన్న పెట్టె ఉంటే చాలు, ఇంటి వెనుక గదే స్టూడియో అవుతుంది. ఆడాసిటీ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరము నుండి ఉచితముగానే దొరుకుతున్నది. అయితే పాడేవారు సిద్ధముగా కూర్చున్న వేళ యంత్రము మొరాయిస్తే ఏమి చేయాలో ఇంట్లోవారికి చెప్పేవారు తక్కువ. ఆ విషయములో మా ఇంటి అనుభవము కొందరికైనా ఉపయోగపడుతుందని ఇది వ్రాస్తున్నాము.

మేము ముగ్గురము తోబుట్టువులము. కవాడిగూడలో ఉంటాము. ఒక వైపు ట్యాంక్‌బండ్, ఇంకొక వైపు ముషీరాబాద్ దారి. పగలంతా బస్సులు, ఆటోలు. రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాలు వదిలే వేళకు హారన్ల మోత. అందుచేత తెల్లవారుజామున ఐదు గంటల నుండి ఆరున్నర వరకే మాకు రికార్డింగు సమయము. ఫ్యాను ఆపి, కిటికీకి రెండు దుప్పట్లు వేలాడదీసి కూర్చుంటాము.

మా అమ్మకు 81 ఏళ్లు. మెదక్ వైపు పల్లెలో పుట్టి, చర్చిలో పాడుతూ పెరిగింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము మీ అందరికీ తెలిసినదే. అందులో పాట మాటలు ఉంటాయి, పైన రాగము పేరు, తాళము పేరు ఉంటాయి. కాని ఏ చరణములో గొంతు ఎలా తిరగాలో, పల్లవికి మళ్లీ ఎలా రావాలో ఒకరి నోటి నుండి ఇంకొకరి చెవికి అందవలసినదే. అమ్మకు వాళ్లమ్మ నుండి అందిన మెట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఆమెలా పాడేవారు ఇప్పుడు మాకు తెలిసి ఇంకెవరూ లేరు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చి చర్చి తలుపులు మూసినప్పుడు, మా నాన్నగారు ఇంట్లోనే ఒక కీర్తన పాడి రికార్డు చేయించుకున్నారు. ఆ పాట ఇద్దరూ కలిసి పాడేది. అమ్మ వంతు కలపక ముందే, 2021లో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. ఆ తరువాత అమ్మ ఆ పాట ఎత్తలేదు. ఈ మధ్య ఒక రాత్రి భోజనము దగ్గర తానే, "మీ నాయిన పాటల నా వంతు మిగిలిపోయింది బిడ్డా. పాడుత" అన్నది. రోజుకు రెండు మూడు సార్లు పాడేంత ఊపిరి మాత్రమే ఆమెకు ఉన్నది. దానిని యంత్రము కోసము ఖర్చు పెట్టే వీలు లేదు.

మా పాత కంప్యూటరు విండోస్ 10 ది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినందున కొత్తది కొన్నాము. మైకు పెట్టె మాత్రము పాతదే. దానిని కలపగానే కొత్త కంప్యూటరు గుర్తించలేదు.

ఇక్కడ డ్రైవరు గురించి చెప్పాలి. మన వీధిలో డ్రైవరంటే ఆటో నడిపే మనిషి. కంప్యూటరులో డ్రైవరంటే తర్జుమా చేసే మనిషి వంటిది. వేరే భాష ప్రసంగీకుడు వచ్చినప్పుడు పక్కన నిలబడి వాక్యము వాక్యమునకు తెలుగు చెప్పేవారిని చూశాము కదా! మైకు పెట్టె భాష కంప్యూటరుకు రాదు. మధ్యన డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము నిలబడి తర్జుమా చేస్తుంది. తర్జుమా చేసేవాడు రాకపోతే ప్రసంగీకుడు ఎంత గొప్పవాడైనా సభ నిశ్శబ్దమే.

విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ అనే పేజీలో మెమరీ ఇంటెగ్రిటీ అనే కాపలా ఉన్నది. అది తన నియమములకు సరిపడని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. ఆ కాపలాను తీసివేయమని కొందరు సలహా ఇస్తారు. మేము తీయలేదు. పాట కోసము ఇంటి తలుపు తెరిచి పడుకోలేము కదా! పెట్టె తయారుచేసినవారి సొంత సైటులోనే కొత్త డ్రైవరు ఉన్నదేమో వెదికితే దొరికింది. పాత డ్రైవరును తీసివేసి, కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టి, కొత్తది ఎక్కించి, ఆ తరువాతనే పెట్టె తీగను కలిపాము. మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్‌ను తీసి నేరుగా గుచ్చాము. పెట్టె దీపము వెలిగింది. అయినా గొంతు రాకపోతే ఇంకొక చోటు చూడాలి. విండోస్ సెట్టింగులలో ప్రైవసీ కింద మైక్రోఫోన్ అనుమతి ఉంటుంది. అది మూసి ఉంటే డ్రైవరు బాగున్నా మౌనమే. కండెన్సర్ రకము మైకు అయితే పెట్టె మీద 48 వోల్టుల బొత్తాము కూడా నొక్కాలి.

నాన్నగారి గొంతుతో కలిపే ముందు, కీబోర్డు మీద వాయించిన బాణీతో అమ్మను ఒకసారి పాడించి చూశాము. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని పాడసాగింది. రెండవ చరణమునకే తాళము వెనుకబడింది. మళ్లీ పాడితే మళ్లీ వెనుకబడింది. మూడవసారి హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకొని, "నాకు తాళం అందుతలేదు బిడ్డా. గొంతుల పస పోయింది. ఇగ ఇడిసిపెట్టుండ్రి" అన్నది. ఆ మాట మాకు చాలా బాధ కలిగించింది. వంటింట్లో గిన్నెలు సర్దుతూ అదే పాటను అదే తాళములో ఆమె హాయిగా పాడుకోవడము ముందురోజే విన్నాము. మరి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎందుకు తప్పుతున్నది?

మాలో చిన్నవాడు హెడ్‌ఫోన్ పెట్టుకొని చిటిక వేసి చూశాడు. చిటిక ఒకటి, దాని చప్పుడు మరొకటిగా వినబడింది. కారణము ఇది. కంప్యూటరు శబ్దమును చుక్క చుక్కగా తీసుకోదు. బావి నుండి నీరు తోడినట్లు బకెట్టు నిండాక మోస్తుంది. ఆ బకెట్టు పేరు బఫర్. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 1,024 నమూనాల బకెట్టు నిండడానికి సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, మొత్తము 46. గాలిలో శబ్దము ఒక మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే తన గొంతు తనకే పదహారు మీటర్ల దూరము నుండి వినబడినట్లు. చర్చి వెనుక గోడ దగ్గర నిలబడి, ముందున్న హార్మోనియముతో కలిసి పాడమన్నట్లే! తన గొంతు ఆలస్యముగా వినబడితే, దాని కోసము ఆగడము ఏ గాయకునికైనా సహజమే.

ఈ బాధ తీర్చడానికే జర్మనీలోని హాంబర్గ్ నగరములో ఉన్న స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏఎస్‌ఐఓ అనే డ్రైవరు పద్ధతిని తెచ్చింది. అది విండోస్ మామూలు శబ్దమార్గమును దాటి, సాఫ్ట్‌వేరును పెట్టెతో దాదాపు నేరుగా మాట్లాడనిస్తుంది. సాఫ్ట్‌వేరులోని ఆడియో సెట్టింగులలో మామూలు డ్రైవరుకు బదులు పెట్టె సొంత ఏఎస్‌ఐఓ డ్రైవరును ఎంచుకొని, బకెట్టును 128కి తగ్గించాము. ఒక్కొక్క వైపు మూడు మిల్లీసెకన్ల లోపే. కాని చిటిక ఇంకా రెండుగానే వినబడింది!

అప్పుడు ఒక నియమము పెట్టుకున్నాము. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది కాగితము మీద వ్రాయాలి. అమ్మను పడుకోమని చెప్పి, ట్రాకు మీద ఉన్న ప్లగ్ఇన్‌లను ఒక్కొక్కటే ఆపుతూ చిటిక వేశాము. ప్లగ్ఇన్ అంటే సాఫ్ట్‌వేరులోనికి అదనముగా తగిలించుకునే చిన్న పనిముట్టు. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి హోరు తగ్గిస్తుంది. మూడవదైన హోరు తగ్గించే ప్లగ్ఇన్‌ను ఆపగానే చిటిక ఒకటైంది. అటువంటి పనిముట్టు కొన్ని ముందుకు చూసి, ఏది హోరో ఏది గొంతో తేల్చుకొని గాని వదలదు. ఆ ఆలోచనకు సమయము పడుతుంది. పాట పూర్తయ్యాక వాడితే మంచి సేవకుడే. పాడుతుండగా వాడితే కాలికి అడ్డము. గనుక పాడేటప్పుడు ఏ ప్లగ్ఇన్ లేకుండా పాడించి, అలంకారములన్నీ తరువాత చేయడము మేలు. చాలా పెట్టెలకు డైరెక్ట్ మానిటర్ అనే బొత్తాము కూడా ఉంటుంది. దానిని నొక్కితే గొంతు కంప్యూటరు దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది.

మర్నాడు ఉదయము అమ్మ పాడింది. తాళము ఎక్కడా జారలేదు. "అమ్మా, నిన్న నీ గొంతు తప్పు కాదు, తీగ తప్పు" అని చెప్పాము. కొంచెముసేపు ఊరుకొని, "గట్లనా!" అన్నది. ఆ రోజు అడగకుండానే ఇంకొక పాట కూడా పాడింది.

మధ్య మధ్య టప్ టప్‌మని చిన్న చప్పుళ్లు వచ్చాయి. బకెట్టు మరీ చిన్నదైతే కంప్యూటరు పరుగు చాలక వచ్చే చప్పుళ్లు అవి. వైఫై, బ్లూటూత్ ఆపి, యూఎస్‌బీకి విద్యుత్తు పొదుపు చేసే ఏర్పాటును తీసివేసి, బకెట్టును 256 చేస్తే పోయాయి. ఒక్కొక్క వైపు ఆరు మిల్లీసెకన్లకు లోపలి ఆలస్యమును అమ్మ గుర్తించలేదు.

ఇక నాన్నగారి పాట. 2020 నాటి ఫైలు తెరవగానే, రెండు ప్లగ్ఇన్‌లు కనబడలేదని సందేశము వచ్చింది. అవి 32 బిట్ కాలమువి. ఈనాటి సాఫ్ట్‌వేరులో చాలావరకు 64 బిట్ ప్లగ్ఇన్‌లనే అంగీకరిస్తుంది. ప్లగ్ఇన్‌లకు వీఎస్‌టీ అనే పద్ధతిని స్టైన్‌బర్గ్ వారే 1996లో తెచ్చారు. దాని మూడవ రూపము 2008లో వచ్చింది. పాతవన్నీ కొత్త ఇంటిలో ఇమడవు. కాని భయపడనక్కరలేదు. సాధారణముగా ఈ సాఫ్ట్‌వేరులో ప్లగ్ఇన్ గొంతును చెరపదు, వినిపించేటప్పుడు మాత్రమే రంగు వేస్తుంది. రంగు పోయినా గొంతు క్షేమముగా ఉంటుంది. కొన్నిసార్లు ప్లగ్ఇన్‌లను వెదికే వేళ సాఫ్ట్‌వేరే మూతపడుతుంది. అప్పుడు ప్లగ్ఇన్‌లలో సగము వేరే ఫోల్డరులోనికి మార్చి తెరిచి చూడాలి. ఇబ్బంది ఏ సగములో ఉన్నదో దానిని మళ్లీ సగము చేయాలి. పదహారింటిలో చెడ్డది ఒకటైతే నాలుగు పరీక్షలలో దొరుకుతుంది.

సందేశము మూసి, పాట మోగించాము. పాట నెమ్మదిగా, గొంతు బరువుగా వచ్చింది. ఐదేళ్ల తరువాత వింటున్నాము గనుక అలాగే ఉండేదేమో అనుకొని మేము ఊరుకున్నాము. అమ్మ తల అడ్డముగా ఊపి, "ఇది మీ నాయిన గొంతు గాదు" అన్నది.

ఆమె చెవి నిజము చెప్పింది. నాన్నగారి పాట సెకనుకు 48,000 నమూనాల లెక్కన రికార్డయింది. కొత్త డ్రైవరు పెట్టెను 44,100 దగ్గర నిలిపింది. మొదటిది వీడియో వారి లెక్క, రెండవది 1982లో మార్కెట్టుకు వచ్చిన సీడీ వారి లెక్క. ఎక్కువ నమూనాలను తక్కువ వేగముతో వదిలితే పాట నూటికి ఎనిమిది వంతులు నెమ్మదిస్తుంది, శ్రుతి హార్మోనియము మీద దాదాపు ఒకటిన్నర మెట్టు దిగిపోతుంది. పెట్టె సెట్టింగులో ఆ ఒక్క అంకెను 48,000 చేశాము. మళ్లీ మోగించాము. ఈసారి అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, హెడ్‌ఫోన్ సర్దుకొని, రెండవ పల్లవి దగ్గర తన వంతు అందుకున్నది. ఒక్కసారికే పూర్తయింది.

ప్రియులారా, మీ ఇళ్లలోనూ ఇటువంటి గొంతులు ఉంటాయి. పాడేవారిని పిలిచే ముందు రాత్రే డ్రైవరు, బకెట్టు, నమూనాల లెక్క సరిచూచుకొని, ఒక చిటిక వేసి వినండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పాట పూర్తయ్యాక, ప్లగ్ఇన్‌ల రంగు లేని గొంతును విడిగా డబ్ల్యూఏవీ ఫైలుగా కూడా దాచి, రెండు చోట్ల పెట్టండి. సాఫ్ట్‌వేరు మారినా, ప్లగ్ఇన్ చచ్చినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. నమూనాల లెక్క ఎంతో ఒక చీటీ మీద వ్రాసి ఉంచండి. తరువాతి తరమువారు తమ తాతగారి గొంతును తాతగారి గొంతుగానే వినాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. వయస్సు మళ్లినవారు ఏ తప్పు కనబడినా తమ మీదనే వేసుకుంటారు. కన్ను ఆనడము లేదంటారు, చెయ్యి నిలవడము లేదంటారు, గొంతు పోయిందంటారు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కాని మీ ఇంట పెద్దవారు "ఇక నా వల్ల కాదు" అన్నప్పుడు, వారి మాటను ఒప్పుకునే ముందు ఒక్కసారి మైకు నుండి చెవి దాకా తీగ వెంట నడిచి చూడండి.